చిరస్థాయి కాలుష్యములు: ప్రయోగశాలా పరీక్షలు

ప్రకృతిలో పడిన పిమ్మట ఎండకు గాని, వానకు గాని, మట్టిలోని సూక్ష్మజీవులకు గాని లొంగక, సంవత్సరముల తరబడి, ఒక్కొక్కప్పుడు తరముల తరబడి, తమ రూపము చెడకుండ నిలిచియుండు రసాయనములను చిరస్థాయి కాలుష్యములందురు. నీరు, మన్ను, గాలి, ఆహారము, వస్త్రములు, వంటపాత్రలు, మానవరక్తము మున్నగువానిలో అట్టి పదార్థములు గలవా, కలవేని ఎంత పరిమాణమున గలవు అని నిర్ణయించు విద్య, విశ్లేషణ రసాయనశాస్త్రమున నొక ప్రత్యేకశాఖగా గడచిన డెబ్బది సంవత్సరములలో పెంపొందినది. విషపరీక్ష యనగానే గాజుగొట్టములో రంగు మారుటయో, అడుగున మడ్డి పేరుకొనుటయో సామాన్యముగా మనస్సునకు తోచును. కాని యీ పదార్థములను వెదకవలసిన పరిమాణములు కంటికిని, నాలుకకును, ముక్కునకును, రంగులు మార్చు పాతపరీక్షలకును అందనంత స్వల్పములు. కావున నిచ్చట పరికరముల సూక్ష్మత యెంత ముఖ్యమో, ఆ పరికరమును అడుగు ప్రశ్న అంతకంటె ముఖ్యము. పరికరము అడిగినదానికే బదులు చెప్పును. అడుగని పదార్థము తన కడుపులోనుండియే సాగిపోవుచున్నను మౌనము వహించును. ఈ శాఖ చరిత్రలో పెద్ద మలుపులన్నియు ఎవరో యొకరు ఆ మౌనమును శంకించినప్పుడు కలిగినవే.

స్వభావము, వర్గములు

ఈ పదార్థములలో పెక్కింటికి బలము, కర్బన పరమాణువునకును క్లోరిను, బ్రోమిను, ఫ్లోరినులలో ఏదేని యొకదానికిని గల బంధమునుండి వచ్చినది. అట్టి బంధమును త్రెంచు శక్తి జీవరాశికి మిక్కిలి తక్కువ. క్లోరిను, బ్రోమిను సమ్మేళనములు నీటిలో కరుగక కొవ్వులో కరుగునవి గనుక, నీటిలోని నాచునుండి చిన్నచేపకును, చిన్నచేపనుండి పెద్దచేపకును, దానినుండి గ్రద్దకును మనుష్యునికిని ప్రాకుచు, మెట్టుమెట్టునకు పోగుపడును. వేడిదేశములలో ఆవిరియై లేచి, చలిదేశములలో దిగబడు గుణము కొన్నింటికి గలదు. అందుచేతనే వానిని ఎన్నడును వాడి యెరుగని ధ్రువప్రాంతపు జంతువుల దేహములలో గూడ అవి కనబడుచున్నవి.

పుట్టుకనుబట్టి వీనిని మూడు వర్గములుగా విభజింపవచ్చును. మొదటిది పురుగుమందులు: డీడీటీ, ఆల్డ్రిన్, డీల్డ్రిన్, ఎండ్రిన్, ఎండోసల్ఫాన్, మన పల్లెలలో గమాక్సిన్ పొడి యని పేరుపడిన హెచ్‌సీహెచ్ మొదలగునవి. రెండవది పరిశ్రమల యవసరమునకై తయారైనవి: ట్రాన్స్‌ఫార్మరు నూనెలలో వాడిన పీసీబీలు, ప్లాస్టికులకు నిప్పంటుకొనకుండ కలుపు బ్రోమిను సమ్మేళనములు, నీటిని నూనెను దరిజేరనీయని పూతలకు వాడు పీఫాస్ అను ఫ్లోరిను సమ్మేళనములు. మూడవది యెవరును కోరి చేయనివి: చెత్త కాలునపుడును, కొన్ని రసాయనములను తయారుచేయునపుడును వాటంతట అవియే పుట్టు డయాక్సిన్లు, ఫ్యూరాన్లు.

ఈ పదార్థములను నిర్మూలించుటకు 2001 మే 22న స్టాక్‌హోము నగరమున ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరి, 2004 మే 17నుండి అమలులోనికి వచ్చినది. అందు మొదట చేరినవి పండ్రెండు: ఆల్డ్రిన్, క్లోర్డేన్, డీడీటీ, డీల్డ్రిన్, ఎండ్రిన్, హెప్టాక్లోర్, హెక్సాక్లోరోబెంజీన్, మైరెక్స్, టాక్సాఫీన్, పీసీబీలు, డయాక్సిన్లు, ఫ్యూరాన్లు. పిమ్మట 2009లో పీఫాస్ కుటుంబమునకు చెందిన పీఎఫ్‌ఓఎస్, 2011లో ఎండోసల్ఫాన్, 2019లో పీఎఫ్‌ఓఏ ఆ పట్టికకు ఎక్కినవి. పీఫాస్ సమ్మేళనముల నడత తక్కినవానికి భిన్నమైనది: అవి కొవ్వులో గాక, రక్తములోని ప్రోటీనులను పట్టుకొని కాలేయమునందును రక్తమునందును నిలుచును. మానవదేహము తనలో చేరిన పీఎఫ్‌ఓఏలో సగమును వదలించుకొనుటకు రెండు మూడేండ్లు పట్టును. డయాక్సిన్లలో మిక్కిలి విషపూరితమైన దానికి ఏడునుండి పదునొకం డేండ్లు పట్టును.

పరిమాణముల లెక్క

ఈ పరీక్షల కష్టము తెలియవలెనన్న వాని కొలతలు తెలియవలెను. తెలుగువారికి చిరపరిచితమైన ఫ్లోరైడు సమస్యతో పోల్చి చూచుట సులభము. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించిన నాటినుండి, నల్లగొండ బావుల కథవరకు, మనము వినుచు వచ్చిన ఫ్లోరైడు ఒక ఖనిజలవణము. త్రాగునీటిలో దానికి భారతీయ ప్రమాణము లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరు నీరు లేనిచో ఒకటిన్నర. పీఫాస్ సమ్మేళనములలోని ఫ్లోరిను అట్లుగాక కర్బనమునకు అంటుకొని యుండును. ఫ్లోరైడు పరీక్ష దానిని కనిపెట్టజాలదు. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వము త్రాగునీటిలో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్‌లకు ఒక్కొక్కదానికి విధించిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. అనగా ఫ్లోరైడు హద్దుకంటె ఈ హద్దు రెండున్నర లక్షల రెట్లు చిన్నది. పదునైదెకరముల విస్తీర్ణము, నాలుగు మీటర్ల లోతు గల చెరువు నిండుగా నున్నపుడు అందులో ఒక్క గ్రాము పీఎఫ్‌ఓఏ కలిసిన చాలును, ఆ చెరువునీరు హద్దును అందుకొనును. రసాయనజ్ఞుడు ఆ చెరువునుండి పావులీటరు నీటిని తెచ్చుకొని, అందులోని భాగమును తప్పక తేల్చిచెప్పవలసియుండును.

చారిత్రక క్రమము

మిశ్రమములోని పదార్థములను ఒక స్తంభముగుండ ప్రవహింపజేసి వేరుచేయు క్రొమటోగ్రఫీ విధానమును రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు స్వేట్ ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఆకుల రంగులను వేరుచేయుటకు కల్పించెను. 1952లో జేమ్స్, మార్టిన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞులు వాయుప్రవాహముతో ఈ పనిని సాధించి గ్యాస్ క్రొమటోగ్రఫీకి పునాది వేసిరి. 1957లో జేమ్స్ లవ్‌లాక్ నిర్మించిన ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టరు, క్లోరిను వంటి పరమాణువులు గల అణువులను మాత్రమే ప్రత్యేకముగా పసిగట్టు గుణము గలదై, అంతవరకు అసాధ్యమనిపించిన సూక్ష్మపరిమాణములను కొలతకు తెచ్చినది. 1874లో తొలుత తయారై, 1939లో పాల్ ముల్లర్ పరిశోధనచే పురుగుమందుగా బయటపడి, 1948లో ఆయనకు నోబెల్ బహుమానమును తెచ్చిన డీడీటీ, పక్షుల గ్రుడ్లలో, తల్లిపాలలో, ధ్రువపు మంచులో కనబడసాగినది ఈ పరికరము మూలముననే. 1962లో రేచెల్ కార్సన్ తన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథమున లేవనెత్తిన వాదమునకు, అటుపిమ్మట ప్రయోగశాలలు ఈ పరికరముతోడనే సాక్ష్యములు కూర్చినవి.

సోరన్ జెన్సన్ అను స్వీడను శాస్త్రజ్ఞుని అనుభవము ఈ విద్యకంతటికి నిదర్శనప్రాయమైనది. డీడీటీని వెదకుచు ఆయన తీసిన రేఖాపటములలో, డీడీటీ శిఖరముల చుట్టును, ఏ పురుగుమందునకును సరిపోలని శిఖరములు మరికొన్ని పదేపదే కనబడుచుండెను. తాను వెదకునవి కావని త్రోసివేయక, ఆయన వాని జాడ పట్టెను. డీడీటీ వ్యాప్తికి ముందటి కాలమునాటి, మ్యూజియములో భద్రపరచిన గ్రద్దల యీకలను సహితము పరీక్షించి చూచెను. ఆ శిఖరములు అందును కనబడుటచే, అవి డీడీటీకి సంబంధించినవి కావని తేలెను. తుదకు అవి 1929నుండి పరిశ్రమలలో తయారగుచుండిన పీసీబీలని 1966లో ఆయన ప్రకటించెను. దాదాపు నాలుగు దశాబ్దములు ఆ పదార్థము లోకమంతట వ్యాపించుచున్నను దానిని గూర్చి అడిగినవాడు లేకపోయెను.

పీఫాస్ విషయమునను ఇట్టి కథయే నడచినది. 1938లో రాయ్ ప్లంకెట్ యాదృచ్ఛికముగా కనుగొన్న టెఫ్లాన్‌తో ఫ్లోరిను పూతల యుగము ఆరంభమైనది. 1968లో అమెరికాలోని డోనాల్డ్ టేవ్స్, మానవరక్తములోని ఫ్లోరిను కొంతభాగము ఫ్లోరైడు లవణముగా గాక వేరొక రూపమున నున్నదని గమనించి, 1976లో సహచరులతో గూడి అది పీఎఫ్‌ఓఏను పోలిన కర్బన సమ్మేళనమై యుండునని సూచించెను. అయినను నిత్యపరీక్షలలో వీని నొక్కొక్కటిగా కొలుచుటకు వీలైనది 1990ల చివరను, ద్రవ క్రొమటోగ్రఫీని మాస్ స్పెక్ట్రోమీటరుతో జోడించు యంత్రములు ప్రయోగశాలలకు అందివచ్చిన పిమ్మటనే.

నమూనా సేకరణ

పరీక్షలో జరుగు పొరపాటులలో పెక్కింటికి ప్రయోగశాల గుమ్మము దాటకమునుపే బీజము పడును. పురుగుమందుల నీటినమూనాను గాజుసీసాలో పట్టవలెను. ఏలయనగా ప్లాస్టికు వానిని పీల్చుకొనును. పీఫాస్ నమూనాను, దీనికి విరుద్ధముగా, పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టికు సీసాలో పట్టవలెను. వీనిలో కొన్ని గాజును అంటుకొనిపోవును. మూతలోపల టెఫ్లాన్ బిళ్ల యుండరాదు. నీరు పట్టువాడు వాననీరంటని పూత గల కోటు తొడిగినచో, ఆ కోటునుండి రాలినదే నీటిలో కనబడవచ్చును. అందుచేత పరిశుద్ధమైన నీటిని ఒక సీసాలో ప్రయోగశాలనుండియే తీసికొనిపోయి, నమూనా పట్టుచోటనే మూత తీసి వేరొక సీసాలోనికి పోసి, దానినిగూడ నమూనాతోపాటు తిరిగి తెత్తురు. దీనిని ‘ఫీల్డ్ బ్లాంకు’ అందురు. అందులో ఏదైన కనబడినచో అది నదిది కాదు, పట్టినవానిది. మన్ను, ధాన్యము, మిరప వంటివానిలో ఒక్కచోటినుండి పిడికెడు తీసిన చాలదు. పెక్కుచోట్లనుండి తీసి, కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములను ఉంచుకొని తక్కినవి వదలుచు, తుదకు సమగ్రమైన కొద్దిభాగమును నిలుపుకొనవలెను.

సంగ్రహణము, శుద్ధి

నమూనాలోనుండి వెదకు పదార్థమును ద్రావకములోనికి లాగుటను సంగ్రహణమందురు. మన్ను, మాంసము వంటివానికి 1879లో సాక్స్‌లెట్ పాలలోని కొవ్వును కొలుచుటకై నిర్మించిన గాజుపరికరమే నేటికిని పనికివచ్చుచున్నది: అడుగున మరుగు ద్రావకము ఆవిరియై పైకెక్కి, చల్లబడి చుక్కచుక్కగా నమూనాపై పడి, నిండగానే తనంతట తాను దిగువకు జారి, మరల ఆవిరియై పైకెక్కును, ఈ చక్రము గంటలకొలది సాగును. పండ్లు, కూరగాయల విషయమున 2003లో అనస్తాసియాడెస్, లెహోటే మొదలగువారు ప్రకటించిన ‘కెచర్స్’ విధానము వాడుకలోనికి వచ్చి, నిమిషములలో పని ముగించుచున్నది.

లాగినదానిలో కొవ్వు, రంగు, మైనము గూడ వచ్చును. క్లోరిను సమ్మేళనములలో కొన్ని గాఢ గంధకామ్లమునకును చలింపవు గనుక, ఆ యామ్లముతో కొవ్వును మాడ్చివేసి వానిని మిగుల్చుకొనవచ్చును. కాని డీల్డ్రిన్, ఎండ్రిన్ ఆ యామ్లములోనే నశించును. వానిని గూడ వెదకువాడు ఈ దారిని పోయినచో, నమూనాలో నున్నదానిని తన చేతులతోనే చంపి, లేదని వ్రాయును.

వేర్పాటు, గుర్తింపు

ఆవిరికాగల పదార్థములకు గ్యాస్ క్రొమటోగ్రఫీ, ఆవిరికాక నీటిలో కలియునట్టి పీఫాస్ వంటివానికి ద్రవ క్రొమటోగ్రఫీ తగినది. స్తంభమునుండి ఒక్కొక్క పదార్థము తన కాలమునకు వెలుపలికి వచ్చును. అయితే ఒకే కాలమునకు వచ్చునవి రెండుండవచ్చును గనుక, కాలమొక్కటే సాక్ష్యము కాదు. అందుచేత మాస్ స్పెక్ట్రోమీటరు ఆ యణువునకు విద్యుదావేశము కల్పించి, తూచి, ముక్కలుచేసి, ఆ ముక్కలను తిరిగి తూచును. మొత్తము బరువు, ముక్కల బరువు, వచ్చిన కాలము, ముక్కల నిష్పత్తి – ఈ నాలుగును కలిసినప్పుడే గుర్తింపు నిలుచును.

ఇంత జాగ్రత్త యేల యనినచో ఒక్క యుదాహరణము చాలును. పీఎఫ్‌ఓఎస్ అణువు బరువు 499 ఎద్ద కనబడి, 80 బరువుగల ముక్కను విడుచును. గ్రుడ్లలో, మాంసములో సహజముగా నుండు ఒక పిత్తలవణము గూడ ఇంచుమించు 499 ఎద్దనే కనబడి, 80 బరువు ముక్కనే విడుచును. ఒక్క ముక్కను మాత్రమే చూచి తృప్తిపడిన విశ్లేషకుడు, కోడి తన కాలేయమున చేసికొన్న పిత్తమును కర్మాగారపు విషముగా ప్రకటించును. 99 బరువుగల రెండవ ముక్కను గూడ చూచినవాడు ఆ పొరపాటును తప్పించుకొనును. యంత్రమే కాలుష్యమును సృష్టించు సందర్భములు గూడ గలవు: గ్యాస్ క్రొమటోగ్రాఫు ముఖద్వారమున మురికి పేరుకొన్నచో, డీడీటీ ఆ వేడికి అక్కడనే విరిగి డీడీఈ, డీడీడీగా మారిపోవును. మట్టిలో డీడీటీ యెక్కువయా, దానినుండి కాలక్రమమున పుట్టు డీడీఈ యెక్కువయా అను నిష్పత్తినిబట్టియే మందు ఇటీవల చల్లినదా, పాతదా యని నిర్ణయింతురు గనుక, మురికియంత్రము నిన్నటి తప్పును పాతికయేండ్ల వెనుకకు నెట్టివేయగలదు. అందుచేత పరీక్షకు పూర్వము పరిశుద్ధమైన డీడీటీని ఎక్కించి, అది యంత్రములో ఎంత విరిగినదో చూచుట నియమము.

డయాక్సిన్ల పరీక్ష ఈ శాఖలో మిక్కిలి కఠినమైనది. వీనిలో డయాక్సిన్లు 75, ఫ్యూరాన్లు 135. అందు పదునేడు మాత్రమే విషపూరితములు. వీనికి తోడు పీసీబీలు 209 గలవు. వానిలో పండ్రెండు డయాక్సిన్లవలె వర్తించును. ఒక్కొక్కదాని విషబలమును మిక్కిలి విషపూరితమైనదానితో పోల్చి, గుణకముతో హెచ్చవేసి, ఆ మొత్తమును ‘విషతుల్యత’గా ప్రకటింతురు.

ఒక సీసా నీటి ప్రయాణము

త్రాగునీటిలో పీఫాస్ పరీక్ష యెట్లు సాగునో ఒక సీసా వెంబడి నడచి చూతము. పావులీటరు నీరు, మంచుపెట్టెలో చల్లగా ప్రయోగశాలకు చేరును. సీసా మూత తీసిన వెంటనే విశ్లేషకుడు చేయు మొదటి పని, అందులోనికి మరికొంత పీఎఫ్‌ఓఏను తానే వేయుట. వినుటకు వింతగా నుండును గాని, తాను వేయునది సామాన్యమైనది కాదు. దాని కర్బన పరమాణువు లెనిమిదియు సహజమైన పండ్రెండు భారమునకు బదులు పదుమూడు భారము గలవి. రసాయనముగా రెండును కవలలు. త్రాసులో మాత్రమే తేడా. మున్ముందు జరుగు ప్రతి నష్టమును రెండును సమానముగా భరించును గనుక, తుదను కవలలో ఎంత మిగిలినదో చూచి, అసలుదానిలో ఎంత పోయినదో లెక్కించి సరిదిద్దవచ్చును.

పిమ్మట ఆ నీటిని చూపుడువ్రేలంత గొట్టములోని రెజినుగుండ నిమిషమునకు ఐదు మిల్లీలీటర్ల చొప్పున జారవిడుతురు. ఇంచుమించు గంట పట్టును. పీఫాస్ రెజినును పట్టుకొనును, నీరు పోవును. తరువాత అమోనియా కలిపిన మిథనాలు పోసి పట్టుకొన్నదానిని విడిపించి, నత్రజనివాయువును సన్నగా ఊదుచు ఆరబెట్టి, ఒక్క మిల్లీలీటరుగా చేయుదురు. పావులీటరులోని సరకంతయు ఇప్పుడా చెంచాడైన లేని ద్రవములో నున్నది. అందులో పది మైక్రోలీటర్లు యంత్రములోనికి పోవును. మూలపు నీటిలో హద్దుకు సరిగా లీటరుకు నాలుగు నానోగ్రాములే యున్నచో, యంత్రములోనికి పోయిన పీఎఫ్‌ఓఏ గ్రాములో పదివేలకోట్లవ వంతు. యంత్రపు గొట్టములలో టెఫ్లాన్ భాగములుండవచ్చును. వానినుండి ఊరు పీఫాస్ నమూనాతో కలిసిపోకుండ, నమూనా ఎక్కించు చోటికి ముందే మరొక చిన్న స్తంభమును కాపలాగా నిలిపి, యంత్రపు మురికిని ఆలస్యముగా వచ్చునట్లు చేయుదురు. 413 బరువుగల అణువు బొగ్గుపులుసు వాయువును కోల్పోయి 369గా కనబడును. దాని కవల 421నుండి 376గా అదే క్షణమున కనబడును. తెరపై రెండు శిఖరములు ఒకదాని క్రింద నొకటి నిలిచినప్పుడు గాని విశ్లేషకుడు అంకెను వ్రాయడు.

ఈ విధానము వెదకునవి ఇరువదియైదు పీఫాస్ సమ్మేళనములు. నలుబదింటిని వెదకు విధానము మరియొకటి గలదు. పీఫాస్ కుటుంబములో సభ్యులు వేలకొలది.

వస్తువుల పరీక్ష

వస్త్రము, కాగితపు పళ్లెము, ప్లాస్టికు పెట్టె వంటివానిలో ఏ సమ్మేళనము కలిపినదీ తయారుచేసినవారు చెప్పరు. అందుచేత నిచ్చట ప్రశ్నను విశాలముగా అడుగుట మేలు. వస్తువును సుమారు వేయి డిగ్రీల వేడిమిలో ప్రాణవాయువుతో కాల్చివేసినచో, అందులోని ఫ్లోరిను ఏ రూపమున నున్నను వాయువై వెలువడును. దానిని నీటిలో పట్టి, అయాన్ క్రొమటోగ్రఫీచే కొలిచి, మొత్తము ఫ్లోరినును తేల్చుదురు. కాలిఫోర్నియా రాష్ట్రము 2025నుండి వస్త్రములలో కర్బన ఫ్లోరినుకు పదిలక్షలలో నూరు వంతులు హద్దుగా పెట్టినది ఇట్టి కొలతనుబట్టియే. ఈ పరీక్ష పేర్లు చెప్పదు. పేర్లు చెప్పు పరీక్ష తెలియనివానిని చూడదు. రెండింటికిని నడుమ నిలుచునది 2012లో హౌట్జ్, సెడ్లాక్ ప్రకటించిన విధానము: నమూనాను తీవ్రముగా ఆక్సీకరించి, తెలియని పూర్వరూపములను తెలిసిన ఆమ్లములుగా మార్చి, అంతకు ముందును తరువాతను కొలిచి, పెరిగినదానినిబట్టి దాగియున్నదానిని ఊహించుట.

ప్లాస్టికులలోని బ్రోమినును ఎక్స్‌రే ప్రతిదీప్తి పరికరముతో, వస్తువును చెడగొట్టకయే, క్షణములలో చూడవచ్చును. అది బ్రోమిను గలదని చెప్పును గాని, నిషేధింపబడిన సమ్మేళనమా, కాదా యని చెప్పజాలదు. పాత ట్రాన్స్‌ఫార్మరు నూనెకు ఇంకను మోటైన పరీక్షలు గలవు: ఖనిజనూనె నీటిపై తేలును, కేవల పీసీబీ మునుగును. ఖనిజనూనెలో కొద్దిగా కలిసిన పీసీబీకి మాత్రము ఈ తేలుట మునుగుటలు పనికిరావు. సోడియముతో క్లోరినును విడదీసి రంగుచే చూచు కిట్లును, వానిలో అనుమానము తగిలినచో గ్యాస్ క్రొమటోగ్రఫీయును అవసరము.

అనుమానపు మెట్టులో చౌకపరీక్ష యెంత విలువగలదో 1999 నాటి బెల్జియము సంక్షోభము తెలిపినది. పశువుల దాణాలో కలియు కొవ్వులోనికి పీసీబీ నూనె చేరి, కోళ్లు జబ్బుపడి, గ్రుడ్లు పొదుగక, కారణము తెలియుటకు నెలలు పట్టినది. డయాక్సిన్ పరీక్ష చేయగల ప్రయోగశాలలు నాడు చాల తక్కువ. అప్పుడు అధికారులు డయాక్సిన్లకు బదులు, వానితో కలిసివచ్చిన ఏడు పీసీబీలను మాత్రమే కొలుచుచు వేలకొలది నమూనాలను త్వరగా వడపోసిరి. ఎలుక కాలేయకణములలో మిణుగురు పురుగు జన్యువును ప్రవేశపెట్టి, డయాక్సిన్ తగిలిన కణములు వెలుగునట్లు చేసిన జీవపరీక్షయును నాటినుండి ప్రచారమునకు వచ్చినది.

ఫలితముల విశ్వసనీయత

పరీక్షాపత్రమున ‘కనబడలేదు’ అను మాటకు సున్న యని యర్థము కాదు. యంత్రపు సహజమైన సందడికంటె మూడురెట్లు ఎత్తుగల శిఖరమును గుర్తింపు హద్దుగను, పదిరెట్లు ఎత్తుగలదానిని కొలత హద్దుగను గ్రహించుట ఆచారము. ఆ హద్దునకు క్రింద ఏమున్నదో పత్రము చెప్పదు. అంకె కనబడినను, అది గీత గీసినట్టిది కాదు. విలియం హార్విట్జ్ 1980లో వేర్వేరు ప్రయోగశాలల ఫలితములను పోల్చి చూచి, పరిమాణము తగ్గినకొలది వాని నడుమ భేదము క్రమముగా పెరుగుననియు, పదిలక్షలలో ఒక వంతు ఎద్ద అది నూటికి 16, నూరుకోట్లలో ఒక వంతు ఎద్ద నూటికి 45 వరకు ఉండుననియు చూపెను. అందుచేతనే ప్రతి గుంపు నమూనాలతోపాటు, ఏమియు కలియని బ్లాంకును, తెలిసినంత కలిపిన నమూనాను, ఒకే నమూనా రెండవమారును నడుపుదురు. కలిపినదానిలో నూటికి 70నుండి 120 వరకు తిరిగివచ్చినచో పురుగుమందుల పరీక్షలో సాధారణముగా అంగీకరింతురు. ఐఎస్ఓ 17025 అను అంతర్జాతీయ ప్రమాణమును, మనదేశమున ఎన్ఏబీఎల్ గుర్తింపును ఈ క్రమశిక్షణకు సాక్ష్యములు. అయితే గుర్తింపు ప్రయోగశాలకంతటికి గాక, పట్టికలో పేర్కొన్న పరీక్షలకు మాత్రమే వర్తించునని గుర్తుంచుకొనవలెను.

భారతదేశము, తెలుగునాడు

భారతదేశము స్టాక్‌హోము ఒడంబడికను 2006 జనవరిలో ధ్రువపరచినది. వ్యవసాయమున డీడీటీ వాడుక 1989లోనే నిషిద్ధమైనను, అటుపిమ్మటను దోమల నివారణకు పరిమితముగా అనుమతి యుండెను. హెచ్‌సీహెచ్ 1997లోను, ఎండోసల్ఫాన్ సుప్రీంకోర్టు ఉత్తరువుచే 2011లోను ఆగినవి. కేరళలోని కాసరగోడు జీడితోటలపై రెండు దశాబ్దములకు పైగా విమానములతో చల్లిన ఎండోసల్ఫాన్ మిగిల్చిన వ్యాధులు ఆ ఉత్తరువునకు నేపథ్యము. 2018లో మరి యేడు చిరస్థాయి రసాయనములను ప్రభుత్వము నిషేధించినది. 2016 నాటి ఉత్తరువు పీసీబీ వాడుకకు 2025 డిసెంబరు 31ని తుదిగడువుగా నిర్ణయించినది.

2003లో ఢిల్లీలోని ఒక స్వచ్ఛందసంస్థ సీసానీళ్లలోను, శీతలపానీయములలోను పురుగుమందుల యవశేషములు గలవని తన ప్రయోగశాల ఫలితములను ప్రకటింపగా, పరీక్షాపద్ధతిపై తీవ్రవివాదము చెలరేగి, విషయము సంయుక్త పార్లమెంటరీ సంఘమువరకు పోయినది. ఆ ఫలితముల పిమ్మట సీసానీళ్లలో ఒక్కొక్క పురుగుమందునకు నూరుకోట్లలో 0.1 వంతు, అన్నింటికి కలిపి 0.5 వంతు హద్దుగా ఏర్పడినది. ఒక ప్రయోగశాలా ఫలితము దేశపు ప్రమాణమును మార్చిన ఘట్టమిది.

హైదరాబాదున భారత రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, రాజేంద్రనగరులోని జాతీయ సస్యరక్షణ యాజమాన్య సంస్థ ఈ విద్యకు సంబంధించిన పరిశోధనకు, శిక్షణకు ప్రసిద్ధములు. మిరపయెగుమతికి కేంద్రమైన గుంటూరున సుగంధద్రవ్యముల బోర్డువారి నాణ్యతా ప్రయోగశాల గలదు. అయినను తెలుగునాట జరిగిన పరీక్షలలో ప్రపంచము దృష్టిని మిక్కిలి యాకర్షించినది 2007లో స్వీడను శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందము ప్రకటించినది. పటాన్‌చెరువులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షింపగా, అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు దానికంటె ఇది యెక్కువ. సంవత్సరముల తరబడి ఆ కేంద్రపు నీటిని సామాన్య సూచికలతో కొలుచుచునే యుండిరి. మందును పేరుపెట్టి అడిగినవారు లేరు.

కావున తన బావినీటిని గాని, తాను కొన్న వస్తువును గాని పరీక్షింపజేసికొను పాఠకుడు, పత్రము చేతికి వచ్చినపుడు మూడు విషయములు చూచుకొనవలెను: ఏ విధానముతో పరీక్షించిరి, ఏ యే పదార్థములను వెదకిరి, ఎంతకు తక్కువైనచో కనబడదని చెప్పిరి. ఈ మూడును వ్రాయని పత్రమును తిరిగి ప్రయోగశాలకే పంపి వ్రాయించుకొనుట యుక్తము.